కొసరుగా వచ్చిన స్విచ్చి

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కారుకి తాళంచెవి జేబులోంచి తీయనక్కర్లేదు. దగ్గరికి పోతే చాలు, మన మనిషే వచ్చాడని దానికి తెలిసిపోతుందట, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మొదటిరోజు ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. మా పాత అంబాసిడర్ యాదికొచ్చింది. సొంత మనిషిని కూడా దొంగ లెక్కనే చూసేటట్టు దాన్ని తయారు చేసింది నేనే.

డెబ్భైల చివర్లో వరంగల్ స్టేషన్ దగ్గరి ఒక గల్లీలో మా కిరాణా దుకాణం ఉండేది. అన్న నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నాకు అన్నం తినిపించిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ మా వదినే. వాళ్లకు పిల్లలు కాలేదు. "నువ్వు మీ అమ్మకు కొసరుగ పుట్టినవురా, అందుకే ఏది కొన్నా కొసరు అడుగుతవు" అని వదిన నన్ను ఏడిపించేది. అబద్ధం కాదు. కరివేపాకు దగ్గర్నుంచి పెళ్లిబట్టల దాకా కొసరు లేకుండా నేనేదీ కొనలేదు. దవాఖానలో సూది వేయించుకుని, ఇంకొంచెం దూది ఇయ్యమని అడిగిన ఘనుణ్ణి.

ఆ అంబాసిడర్‌ని అన్న కొనేనాటికే అది రెండు చేతులు మారింది. గల్లీలో మొదటి కారు మాదే. తలుపు తాళాలు ఎంతగా అరిగిపోయాయంటే మా బీరువా చెవితో కూడా తెరుచుకునేవి. ముందు ఒక గొలుసు తెచ్చి, స్టీరింగుకూ కింది పెడలుకూ చుట్టి, దుకాణం తాళం వేశాం. వదిన చూసి, "కారును కొన్నరా, బర్రెను కొన్నరా?" అన్నది. కొన్నాళ్లకు కాజీపేట రోడ్డులో కారు పనులు చేసే ఒక ఎలక్ట్రీషియన్ చోర్ స్విచ్చి సంగతి చెప్పాడు. ఎక్కడో కనపడని చోట చిన్న స్విచ్చి పెడతారు. అది ఆఫ్‌లో ఉంటే చెవి ఎంత తిప్పినా ఇంజన్ మూలుగుతుందే గాని అందుకోదు.

"బండి ఖరాబయిందనుకొని దొంగ ఎల్లిపోతడు సావుకారీ" అన్నాడు.

గంటసేపు బేరమాడాను. ఆయన ఒక్క రూపాయి దిగలేదు.

"పోనీ, కొసరేమిస్తవు?"

"స్విచ్చికి కొసరేంది సావుకారీ, ఇదేమన్న చింతపండా?"

"అయితే ఇంకో స్విచ్చి పెట్టు."

ఆయన నవ్వి నవ్వి, డాష్‌బోర్డు కింద ఒకటి, డ్రైవర్ సీటు కింద ఇంకోటి పెట్టాడు. రెండూ వేస్తేనే బండి నడుస్తుంది.

ఇంటికొచ్చి అన్నకు డాష్‌బోర్డు కిందది చూపించాను. సీటు కిందది చూపించలేదు.

మరిచిపోయి కాదు. అన్నకు లేదు అనడం రాదు. పెళ్లని ఒకరు, పురుడని ఒకరు, ఏమీ లేకపోయినా ఊరికే ఒకరు. ఎవరడిగినా బండి ఇచ్చేవాడు. ఒకసారి హసన్‌పర్తి పోయి మోకాలిలోతు బురదతో తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి నేను ఊరు దాటినప్పుడల్లా సీటు కింది స్విచ్చి ఆఫ్ చేసి పోయేవాణ్ణి. అన్న చెవి తిప్పి తిప్పి, అడగవచ్చిన వాళ్లతో "ఇయ్యాల మొండికేసిందే" అనేవాడు. నేను తిరిగొచ్చి, కూర్చుంటూనే చెయ్యి కిందికి పోనిచ్చి, ఒక్కసారికే స్టార్ట్ చేసేవాణ్ణి.

"నీ చెయ్యి మంచిదిరా తమ్మీ" అని అన్న మురిసిపోయేవాడు. నేను కాదనలేదు. పొగడ్త కూడా కొసరే కదా, వచ్చింది వచ్చినట్టు తీసుకున్నాను.

ఒకనాడు మిర్చి బేరానికి రైల్లో నెక్కొండ పోయాను. పొద్దుగూకేలోపు తిరిగొచ్చేసరికి దుకాణం మూసి ఉంది. కారు ఇంటి ముందు లేదు. గల్లీ చివర అడ్డంగా నిలబడి ఉంది, నాలుగు తలుపులూ తెరిచి. ఎదురింటి టైలర్ నన్ను చూసి లేచొచ్చాడు.

"పగటీలి వదినమ్మకు ఛాతిల నొప్పొచ్చింది. ఎనక సీట్ల కూసోబెట్టినం. మీ అన్న తిప్పుతనే ఉన్నడు, తిప్పుతనే ఉన్నడు, బ్యాటరీ గూడ దిగిపాయె. ఇగ గల్లీ అంత కలిసి నూకినం. ఈడిదాక నూకినం. అందుకోలే." కారు దిక్కు చెయ్యి చూపించి అన్నాడు, "లోపట నుంచి ఆమె ఒకటే మాట. మా మరిది వస్తె నడుస్తది, వాని చెయ్యి మంచిది అని."

తర్వాత రిక్షాలో తీసుకుపోయారట. దవాఖాన మెట్ల దగ్గరికి చేరేసరికే అయిపోయింది.

మిరపకాయల ధర నలుగురిని అడిగితే గాని నమ్మని వాణ్ణి. బండి నూకడంలో పోయిన ఆ ముప్పావు గంట దక్కి ఉంటే ఆమె బతికేదా అని ఒక్క డాక్టర్నీ అడగలేదు.

పదోరోజు, ఇంట్లో వాళ్లు వంటల్లో ఉన్నప్పుడు, మెల్లగా పోయి సీటు కింద చెయ్యి పెట్టాను. స్విచ్చి ఆన్‌లో ఉంది. అంటే ఆ రోజు తొందరలో ఆఫ్ చేయడం మరిచిపోయానన్న మాట. అంటే తప్పు నాది కాదు, ముసలి బండిది. నన్ను నేనే బేరమాడి, ఎంతకు తెంపుకోవాలో అంతకు తెంపుకున్నాను. ఆ బేరం మీదనే నాలుగేళ్లు నిద్రపోయాను.

ఆ నాలుగేళ్లూ అన్న ఆ కారెక్కలేదు. అడిగినవాళ్లకు ఇస్తూనే ఉన్నాడు, తను మాత్రం సైకిల్ మీదనే తిరిగాడు. నా చెయ్యి మంచిదన్న మాట కూడా మళ్లీ అనలేదు. దుఃఖంలో ఉన్నాడనుకున్నాను.

ఎనభైల మధ్యలో కారు అమ్మేశాం. కొన్నది ఒక రైతు. అన్న చెప్పిన ధరకు, "జర తగ్గించరాదే పెద్దాయనా" అన్నాడు. అన్న వెంటనే తగ్గించాడు. నా నోరు ఊరుకోక ఏదో అనబోయాను. అన్న చెయ్యెత్తి ఆపాడు. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

"ఇగో, ఈడ ఒక స్విచ్చున్నది" అని డాష్‌బోర్డు కింద చూపించాడు. ఆ తర్వాత వంగి, తడుముకోకుండా, నేరుగా సీటు కింద చెయ్యి పెట్టాడు. "ఇంకోటి ఈడ. రెండు ఏస్తెనే నడుస్తది. ఇంట్ల అందరికి చెప్పిపెట్టు."

"రెండెందుకు పెట్టిండ్రు?" అన్నాడు రైతు.

"ఒకటి కొసరు" అన్నాడు అన్న.

రైతు నవ్వాడు. అన్న నా దిక్కు చూడలేదు. దాన్ని నేనెట్లా పెట్టించానో ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. నన్ను పెంచిన మనిషికి చెప్పాల్సిన పనేముంది? బ్యాటరీ దిగి, వదిన పోయి, ఇంటికి తిరిగొచ్చిన తర్వాత ఏదో ఒకరోజు ఆ కారంతా వెతికి ఉంటాడు. దొరికిన స్విచ్చి ఆయనే వేసి ఉంటాడు.

కారు గల్లీ దాటి పోయాక, "పా, దుకాణం తెరుద్దాం" అన్నాడు. వెనకే పోయాను.

ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు ఒకే గద్దె మీద పక్కపక్కన కూర్చున్నాం. పోయేదాకా ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి, ఎంతోకొంత తగ్గించుకునేవాణ్ణి. అది ఆయనకు తెలుసు.