కర్పూరం కలిపిన కొబ్బరినూనె

అమ్మ పోయిన ఏడాదిలోనే మా మేనత్తకు కింద దురద మొదలైంది. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నాకు జాలి కలగలేదు.

మేనత్త అంటే నాన్నకు అక్కగారు. పలివెలలో మా ఇంటిని ఆనుకునే వాళ్ళ ఇల్లు. వీధిలో ఆడవాళ్ళకు ఎక్కడ ఏమొచ్చినా ముందు ఆవిడకే చెప్పుకునేవారు. అమ్మకు దురద వచ్చినప్పుడు వేడి చేసిందని తేల్చింది. సబ్జాలు నానేసుకుని తాగమంది, వేపాకు కాచిన నీళ్ళతో కడుక్కోమంది, కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాసుకోమంది. రాస్తే మండేది. మండితే పనిచేస్తున్నట్టేనని ఆవిడ నమ్మకం.

అమ్మ మడి కట్టుకుని వంట చేసే మనిషి. ముసురు రోజుల్లో దండెం మీద చీర ఆరేది కాదు. ఆ చెమ్మచీరే చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేది. పొడిది కట్టుకోమని నేనంటే, మడి ఏం కావాలని మేనత్త అడిగేది.

అక్కడ చర్మం తెల్లబడి చీరుకుపోతోందని అమ్మ నాతో చెప్పేసరికి చాలాకాలం గడిచింది. అమలాపురం వెళ్దామన్నాను. అమ్మ చీర మార్చుకుంది కూడా. మేనత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడికే? ఈ వయసులో బల్ల మీద పడుకుని చూపించుకుంటావా? బావుంది సంబడం. మన ఇంటావంటా ఉందా?"

"పోనీలెండి వదినగారూ, ఇంకొన్నాళ్ళు చూస్తాను," అని అమ్మ లోపలికి వెళ్ళి మళ్ళీ పాత చీర కట్టుకుంది.

పుండు పడి, మానక, రక్తం కనబడ్డాక వెళ్ళాం. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. చర్మం తెల్లబడ్డప్పుడే వచ్చి ఉంటే పూతమందుతో చాలావరకు అదుపులో ఉండేదని, అలాంటి మచ్చ అందరికీ క్యాన్సర్ కాదుగానీ చూపించుకోకుండా వదిలేయకూడదని లేడీ డాక్టరు చెప్పింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ అని కరెంటు పెట్టారు. అమ్మ దక్కలేదు.

కర్మలన్నీ ముగిసి శుభస్వీకారం నాడు భోజనాల దగ్గర, వచ్చినవాళ్ళందరి ముందు మేనత్త, "నేను చెయ్యాల్సిందంతా చేసేను. దాని రాత," అంది. నేను వడ్డిస్తున్నాను. ఆ మాట ఆవిడ నోటితోనే, నలుగురిలోనే వెనక్కి తీసుకునేలా చెయ్యాలని ఆరోజే అనుకున్నాను. తర్వాత నేను ఏ పుస్తకం చదువుతున్నా ఆ ఆలోచన పక్కనే ఉండేది.

అందుకే ఆవిడ వచ్చి, "ఏమే, నాకూనూ కింద అలాగే ఉంది. నిద్ర పట్టనివ్వటం లేదు," అన్నప్పుడు ఆటో పిలిచాను.

"నూనె రాసేరా?"

"రాసేను. ఒకటే మంట."

"మండితే పనిచేస్తున్నట్టే కదా అత్తయ్యా."

ఆవిడ చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది.

అమ్మను చూసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. నర్సు ఏమిటి బాధని అడిగితే, "కాస్త నలతండీ," అంది మేనత్త.

"యోని దగ్గర దురద, మంట. కర్పూరం రాసుకున్నారు," అన్నాను, హాలంతా వినబడేలా.

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురు బెంచీ మీది ఆవిడ మాత్రం, "సిగ్గెందుకండీ మామ్మగారూ, నేనూ దానికే వచ్చేను," అంది. ఎవరూ నవ్వలేదు. ఇంత తేలిగ్గా వదిలేశారేమని నాకు కోపం వచ్చింది.

డాక్టరు పరీక్ష చేసి ఫంగస్ అంది. రక్తం చూస్తే షుగర్ ఉందని తేలింది. ఇలా మాటిమాటికీ దురద రావడం కొందరిలో షుగర్‌కి గుర్తట. పూతమందు, మాత్రలు రాసింది. సబ్బు, డెటాల్, కర్పూరం ఏవీ తగలనివ్వద్దని, మంచినీళ్ళతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోమని, చెమ్మబట్ట కట్టద్దని చెప్పింది. రెండు వారాల్లో తగ్గకపోయినా, తెల్లమచ్చ, మానని పుండు, రక్తం కనబడినా వెంటనే రమ్మంది.

"ఆయ్," అంది మేనత్త.

"ఇంతకీ ఆ నూనె ఎవరు చెప్పేరండీ?"

"ఎవరో చెప్పేరమ్మా."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ 'ఎవరో' విన్నాక ఆవిడ మీద మిగిలిన కాస్త మొహమాటమూ పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది. "మీ అమ్మకీ ఇలాంటి ట్యూబే ఇచ్చుండేవారా?"

"ఇది కాదు, వేరేది. కానీ ట్యూబే."

"తగ్గేదా?"

తెలీదని అనవచ్చు. అనలేదు. "అప్పుడే వెళ్ళి ఉంటే అమ్మ బతికుండేదేమో అత్తయ్యా. బయల్దేరింది కూడా. మీరే ఆపేరు."

ఆవిడ ఇల్లు చేరేదాకా ఏడ్చింది. నేను కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను.

మందుతో ఆవిడకు తగ్గింది. ఒక మధ్యాహ్నం మేమిద్దరం అరుగు మీద ఉండగా, వీధి చివర ఇంటావిడ తన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, పిల్లకి కింద ఒరుపుగా, దురదగా ఉందిట. ఆ నూనె కాస్త ఇస్తారా?"

మేనత్త నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళిపోతానేమోనని చూసింది. నేను కదల్లేదు.

"నూనె లేదే," అంది చివరికి. "అమలాపురం తీసుకెళ్ళు. మా మరదల్ని నేనే వెళ్ళనివ్వలేదు. అందుకే పోయింది."

వాళ్ళు వెళ్ళిపోయారు. మేనత్త నన్ను, "చాలా?" అని అడిగింది.

చాలదన్నాను. శుభస్వీకారం నాడు 'దాని రాత' అన్న మాట విన్నవాళ్ళు ఈ వీధిలో ఇంకా చాలామంది ఉన్నారు.