తుప్పు ఆగేదాకా

పొద్దున్నే మా వీధిలో ఆడవాళ్లు వాకిళ్లలో కళ్లాపి చల్లుతుంటే, నేను బక్కెట్టూ మగ్గూ పట్టుకుని గోడకి నీళ్లు కొడుతుండేవాణ్ణి. సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వచ్చి, చెప్పులు విడవకుండానే మళ్లీ ఓ బక్కెట్టు. ఏడాది పైన సాగిందీ పని. భీమడోలులో కొందరికి నేనిప్పటికీ గోడకి స్నానం చేయించే ఆయన్నే.

మా ఊళ్లో నా మాట ఎవరూ నమ్మరు. వాళ్ల తప్పేం లేదు. కొల్లేట్లో పడవ మీద పోతుంటే గూడకొంగ నా టిఫిన్ క్యారియరు మింగేసి, మర్నాడు శుభ్రంగా తోమి తెచ్చిచ్చిందని చెప్పినవాణ్ణి నేనే. నా కథ పూర్తయ్యేదాకా డ్రైవరు రైలు కదపలేదని చెప్పినవాణ్ణీ నేనే. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి తలా ఒక కారణం చెప్పాను. వాళ్లంతా ఒకచోట చేరి మాట్లాడుకుంటే నా పని అయిపోతుంది. అసలు కారణంలో కథేమీ లేదు. అందుకని దాన్ని ఎవరికీ చెప్పలేదు.

కథలు చెప్పేవాడికి నమ్మేవాళ్లు అక్కర్లేదు. ఊఁ కొట్టేవాళ్లుంటే చాలు. నాకు ఆ మనిషి పక్కింట్లోనే ఉండేవారు. పౌరోహిత్యం చేసుకునే పంతులుగారు. సాయంత్రం సంధ్య వార్చుకుని, తెల్ల పంచె, భుజాన ఉత్తరీయంతో మా మెట్ల మీదికొచ్చి కూర్చునేవారు. నా అబద్ధం పెరిగేకొద్దీ ఆయన ఊఁ పొడుగయ్యేది. నవ్వేవారు కాదు, అడ్డు ప్రశ్నలు వేసేవారు కాదు. పొద్దస్తమానం గూడెం వర్క్‌షాపులో షట్టర్లూ గ్రిల్లులూ కోస్తూ గ్రైండరు చప్పుడు తప్ప మరొకటి వినని నాకు, ఆ ఊఁలు నాలుగు చెవిన పడ్డాక గాని లోపలికెళ్లి అన్నం వండుకోబుద్ధయ్యేది కాదు.

ఆ గోడకి తొడిగిన ఇనప రేకుల సంగతి చెప్పాలి. గూడెంలో ఒకాయన కొత్త ఫంక్షన్ హాలు ముందు గోడలకి వెదరింగ్ స్టీలు తొడగాలని ముచ్చటపడ్డాడు. ఎక్కడో ఫొటోలో చూశాడట. ఆ ఇనుములో రాగీ ఇంకా ఏవేవో కాస్త కలుపుతారు. మొదట్లో మామూలు ఇనుములాగే తుప్పు పడుతుంది. తడిసి ఆరి, తడిసి ఆరి, ఆ తుప్పే బిగిసి పొరలా పట్టుకుంటుంది. ఆ తరవాత లోపలి ఇనుముని అంత తొందరగా తిననివ్వదు. రంగు వెయ్యక్కర్లేదు. ముదురు ఇటుకరంగులో గోడ చూడ్డానికి బావుంటుంది. కాని ఆ పెద్దమనిషి ఫొటోలో చూసింది ఏళ్లు గడిచిన గోడ. బూడిదరంగు రేకు కళ్ల ముందే నారింజ రంగుకి తిరిగేసరికి నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏవండీ, పాత సామాన్ల కొట్లోంచి తెచ్చి నాకు అంటగడదామనుకున్నారా?"

"తుప్పేనండి. కాదన్ను. కాని ఇది ఆగిపోయే తుప్పు."

"తుప్పు ఆగడవేంటండీ బాబూ! మీ గూడకొంగ సంగతి మా దాకా వచ్చింది లెండి."

నా నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క నిజం, నా అబద్ధాలన్నిటికన్నా పెద్ద అబద్ధంలా వినబడింది. ఆయన రేకులు పీకించి మెరిసే షీట్లు వేయించుకున్నాడు. నేను ఆ రేకుల్ని మినీ వ్యానులో వేసుకొచ్చి మా ఇంటి ముందు గోడకీ, పంతులుగారి వైపు సందు గోడకీ తొడిగాను.

వీధి వీధంతా నవ్వింది. పాత ఇనుము కొంటామని మైకు పెట్టుకుని తిరిగే బండాయన మా గుమ్మం ముందు బండాపి, గోడ వంక కింద నుంచి పైదాకా చూసి, "విప్పి ఇస్తారాండీ, మమ్మల్నే విప్పుకోమంటారా?" అని అడిగాడు. పంతులుగారొక్కరే నవ్వలేదు. తడి సంగతీ పొర సంగతీ అంతా చెబితే మామూలుగానే ఊఁ కొట్టారు.

నేను ఒక్క పొరపాటు చేశాను. రేకు అడుగంచున నీళ్లు పట్టే దోనె పెట్టలేదు. ఇంకొకరి బిల్డింగయితే మర్చిపోను. మనిల్లే కదా అని బద్ధకించాను.

పంతులుగారి మడిబట్టలు ఆరేసే దండెం సందులో ఉండేది. దాని ఒక కొస వాళ్ల గోడకి, రెండో కొస మా గోడ కొక్కేనికి, నేను ఎరిగినప్పటినుంచీ. ఒక ఆదివారం మధ్యాహ్నం కొల్లేటి వైపు నుంచి ఉన్నట్టుండి వాన కొట్టింది. ఆయన పెదపాడులో వ్రతం చేయించడానికి వెళ్లారు. దండెం మీద మర్నాటి గృహప్రవేశానికి కట్టుకోవలసిన పంచె ఉంది. మా రేకు మీంచి ఎర్రటి చుక్కలు గాలికి ఏటవాలుగా వెళ్లి దాని మీద పడుతున్నాయి. తీసి లోపల పెడదామంటే మడిబట్ట, నేను ముట్టుకోకూడదు. ఏం తోచక గొడుగు తెచ్చి, కాళ్ల మునివేళ్ల మీద నిలబడి, పంచెకి గొడుగు పట్టాను. నేను నిలువునా తడుస్తూ, వాళ్లింట్లోకి వినబడేలా కేకలు వేశాను. పంతులుగారి భార్య నిద్రలోంచి లేచి పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది.

"అయ్యో అన్నయ్యగారూ, ఇదేం గొడుగండీ!" అందావిడ. నవ్వాలో ఏడవాలో ఆవిడకీ తెలీలేదు.

నిమ్మకాయా ఉప్పూ పెట్టి రుద్దింది. మరక పలచబడింది గాని పోలేదు. మర్నాడు మరకలు కుచ్చెళ్ల లోపలికి పోయేలా కట్టుకుని ఆయన అత్తిలి వెళ్లారు. పీటల మీంచి లేచేసరికి కుచ్చెళ్లు విడిపోయాయి. "పంతులుగారూ, తాంబూలం నోట్లో వేసుకోవాలండీ, ఒళ్లో కాదు" అని ఎవరో అన్నారట. పదిమందీ నవ్వారట.

ఆ సాయంత్రం ఆయన గేటు దాకా వచ్చారు. లోపలికి రాలేదు.

"మీరు ఆగుతుందన్నారు గదాండీ."

"ఆగుతుందండి. ఇంకో నాలుగు వానలు పడనివ్వండి."

"ఇన్నేళ్లూ మీరు చెప్పినవాటికి ఊఁ కొట్టాను గాని, వేటినీ నమ్మలేదండి. ఇదొక్కటే నమ్మాను. నమ్మి అక్కడే ఆరేశాను."

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. మర్నాడు దండెం మా కొక్కెం నుంచి విప్పి పెరటి వైపు కట్టుకున్నారు. వీధిలో ఎదురైతే "బావున్నారాండీ" అనేవారు. అంత మర్యాద నా మీద అంతకుముందెప్పుడూ చూపించలేదు.

కొత్త పంచెల చాపు కొని పంపించాను. మర్నాడే ఆవిడ వెనక్కి తెచ్చింది. "వద్దన్నారండి. మీరేం అనుకోకండి అన్నయ్యగారూ" అని అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

దోనె పెట్టాను. పెట్టాక చేసేదేముంది? వానలు లేని రోజుల్లో గోడ తడవదు. తడిసి ఆరకపోతే పొర బిగియదు. అందుకే ఆ బక్కెట్టు. ఆయన వద్దన్న పంచెని పీలికలు చేశాను. ఆదివారం ఆదివారం ఒక పీలిక తడిపి గోడకి రుద్ది, ఖాళీగా మిగిలిన ఆ కొక్కెం నుంచి మా కిటికీకి తాడు కట్టి వరసగా తగిలించేవాణ్ణి. మొదటిది కుంకుమలో ముంచినట్టుండేది. ఆ తరవాతవి గోధుమరంగు. ఆ తరవాతవి పాలలో ఒక బొట్టు టీ పడ్డట్టు.

సాయంత్రాలే గడిచేవి కావు. అలవాటు కొద్దీ మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఎవరూ లేకుండానే పైకే చెప్పడం మొదలుపెట్టాను. కొల్లేట్లో కొర్రమీను ఒకటి నా గాలం లాక్కుపోయి నన్నే పట్టబోయిన కథ. మధ్యలో ఆగాను. పగలంతా ఎండకి కాగిన రేకు చల్లబడి ముడుచుకుంటూ టక్కుమంది. ఇంకో రెండు మాటలు చెప్పాను. మళ్లీ టక్. నాకు నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. అయినా కథ చివరిదాకా చెప్పాను. ఆ తరవాత చాలా సాయంత్రాలు అలాగే గడిచాయి. గోడకి చెప్పినన్నాళ్లూ కొత్త కథ ఒక్కటీ తట్టలేదు. చెప్పినవే మళ్లీ చెప్పాను.

మరుసటేడు వానలు వచ్చి వెళ్లాయి. ఒక ఆదివారం రుద్దిన పీలిక తెల్లగానే వచ్చింది. ఇంకోచోట రుద్దాను. తెలుపే. దాన్ని కూడా వరస చివర తగిలించాను. ఎవరినీ పిలవలేదు. నేను పిలిస్తే ఎవరు నమ్ముతారు?

నాలుగు రోజుల తరవాత, ఎండ వాలుతున్న వేళ, గేటు చప్పుడైంది. పంతులుగారు. తాడు మీది పీలికల్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు. వచ్చి మెట్ల మీద పాత చోట కూర్చుని, తెల్ల ఉత్తరీయంతో వీపు గోడకి ఆన్చి జారబడ్డారు. కావాలనే కాస్త అటూ ఇటూ రుద్దుకున్నారు కూడా. తరవాత లేచి నావైపు వీపు తిప్పి నిలబడ్డారు.

"చూసి చెప్పండి. నా వీపు నాకు కనబడదు గదా. మీరు చెప్పిందే లెక్క."

చూశాను. ఉత్తరీయం మల్లెపూవులా ఉంది. కాని మెట్లని ఆనుకున్న అడుగు వరస రేకు మురుగుకాలవ పక్కనే ఉంటుంది. ఎండ పడదు, తడి ఆరదు. అక్కడ పొర ఇంకా బిగియలేదు. పంచె వెనక, నడుం కింద, ఎర్రగా అంటింది. లేదనడం నాకెంత పని? ఇంటికెళ్లేదాకా ఆయనకి తెలీదు. ఈ ఒక్క సాయంత్రం నాకు దక్కుతుంది.

"ఉత్తరీయానికి ఏమీ లేదండి. పంచెకి మటుకు కింద పెసరగింజంత అంటింది."

"పెసరగింజంతా?"

"కాదండి. అరచెయ్యంత. అడుగు వరస ఆగలేదండి. అది ఆగుతుందో లేదో నాకూ తెలీదు."

ఆయన వంగి అడుగు వరస రేకు వంక చూశారు.

"ఊఁ" అన్నారు.

అని మళ్లీ అదే చోట, అదే మరక మీద కూర్చున్నారు. నేను చెబుతానని చూస్తున్నారు. నా దగ్గర ఒక్క కథా లేదు. రైలు ఒకటి ఏలూరు వైపు వెళ్లింది. ఎండ దిగింది. వెనక గోడ టక్కుమంది.

ఆయన ఉలిక్కిపడి చూశారు. "ఏంటండీ ఆ చప్పుడు?"

"గోడేనండి. మీరు రాని రోజుల్లో అదే ఊఁ కొట్టేది."

"హమ్మయ్య, మొదలెట్టారూ!" అని పంచె సర్దుకుని, వినడానికి నావైపు తిరిగి కూర్చున్నారు.