గొంతు పోయాక వచ్చిన ఫోన్లు

డిగ్రీ చదవడానికి రాజమండ్రి వచ్చినప్పుడు హాస్టల్లో నాకిచ్చిన గదిలో అప్పటికే ఒకమ్మాయి ఉంది. ఆ గదికి వెళ్ళడానికి మిగతావాళ్ళెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊరు. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపలు అమ్మేది. ఆ తల్లి కూతుర్ని చూడడానికి వచ్చినప్పుడల్లా వాసనంటూ వరండాలో అందరూ ముక్కులు మూసుకునేవాళ్ళు. ఆదివారం మెస్సులో చేపల పులుసు పెడితే మాత్రం వాళ్ళే మళ్ళీ వేయించుకునేవాళ్ళు. నేను రావులపాలెం పక్కన అరటితోటల ఊరి నుంచి వచ్చినదాన్ని. నేను ఆ గదిలో చేరడంలో గొప్పతనమేమీ లేదు. మంచం ఖాళీగా ఉన్నది అక్కడే.

ఆమె వాగుడుకాయ. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేది. వాళ్ళ ఊళ్ళో ఎవరు ఎవరితో పోట్లాడుకున్నారో, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు వాళ్ళమ్మ వంట మానేసి సముద్రంకేసి చూస్తూ ఎలా కూర్చుంటుందో అన్నీ చెప్పేది. "ఏమే, వింటన్నావా?" అని మధ్యలో ఆగేది. నేను ఊ అంటే మళ్ళీ అందుకునేది. డిగ్రీ అయ్యాక ఆమె మేనత్త కొడుకునే చేసుకుంది. అతను పడవ మీద వేటకు వెళ్ళేవాడు, ఈమె ఎండుచేపల వ్యాపారం చూసుకునేది. నేను సర్కారు బడిలో టీచరునయ్యాను. మా ఆయనది అరటి గెలల వ్యాపారం. మాకు పిల్లలు లేరు. ఆమెకీ నాకూ పండగలకో పెళ్ళిళ్ళకో ఒక ఫోను, ఎప్పుడైనా అంతర్వేది తీర్థంలో ఒక పూట. దాన్ని గొప్ప స్నేహమని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

నలభై దాటిన కొన్నాళ్ళకు నా గొంతు బొంగురుపోయింది. బడిలో పిల్లల మీద అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. మిరియాల కషాయాలు తాగాను. మాత్రలు మింగాను. చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరు గొంతులోకి కెమెరా పంపి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపించాడు. ఫలితం వచ్చిన రోజు ఆయన నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడాడు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, మెడ మీద రంధ్రం పెడతారు, ఇక మీదట దాని గుండానే ఊపిరి. మాట ఉండదు.

ఆ సంగతి నా స్నేహితురాలికి మా ఆయనే ఫోను చేసి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో ఉంది, చేతిలో బట్టల సంచి. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "అన్నయ్య గారూ, ఆస్పత్రిలో దీని దగ్గర నేనుంటానండీ. మీరు మందులూ డాక్టర్లూ చూసుకోండి," అంది. మా అక్కచెల్లెళ్ళెవరూ అప్పటికి ఆ మాట అనలేదు.

విశాఖలో ఆపరేషను జరిగింది. మెలకువ వచ్చినప్పుడు అమ్మా అని పిలవబోయాను. నోరు కదిలింది, ఏమీ రాలేదు. మెడలోంచి బుస్సుమని గాలి వచ్చింది. అది నా శబ్దమేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోసేవాళ్ళు. మెడ రంధ్రంలో కఫం పేరుకుంటే సన్నటి గొట్టం దూర్చి మిషనుతో లాగేవాళ్ళు. లాగిన ప్రతిసారీ ప్రాణం పోయినట్టుండేది. మా ఆయన మంచి మనిషి. కానీ ఆయన ఆ రంధ్రం వైపు చూడలేకపోయాడు. గదిలోకి వచ్చి, నా కాళ్ళ దగ్గర నిలబడి, "ఏమన్నా కావాలా?" అని దుప్పటిని అడిగినట్టు అడిగి వెళ్ళిపోయేవాడు.

ఆమె మాత్రం నర్సు పక్కన నిలబడి అన్నీ చూసింది. "సిస్టర్ గారూ, రేపట్నించి నన్ను చెయ్యనివ్వండి. ఇంటికెళ్ళాక చేసేది మేమే కదండీ," అని అడిగి నేర్చుకుంది. ఒకరోజు నేను అద్దం కావాలని సైగ చేశాను. ఇవ్వదేమో అనుకున్నాను. బ్యాగులోంచి చిన్న అద్దం తీసి నా ముందు పట్టుకుంది. మెడ మధ్య ఎర్రగా తెరుచుకుని ఉన్న ఆ గుంటను చూశాను. నన్నెందుకు బతికించారని, మాటకు బదులుగా నాకిచ్చిన పలక మీద రాశాను. ఆమె చదివి, కొంగు అంచుతో తుడిచేసి, "ఎందుకో నాకు తెలీదే. మూత్రం సంచి నిండింది, పక్కకి తిరుగు," అంది. ఆ క్షణంలో ఇంకెవరైనా దేవుడి గురించో ధైర్యం గురించో చెప్పి ఉంటే వాళ్ళని జన్మలో క్షమించేదాన్ని కాదు.

ఇంటికి వచ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం ఊపిరి ఆగిపోయింది. కఫం గట్టిపడి రంధ్రానికి బిరడాలా అడ్డుపడింది. అరవడానికి గొంతు లేదు. స్టూలు మీదున్న స్టీలు గ్లాసును కింద పడేశాను. మా ఆయన వచ్చి చూసి, "ఆటో, ఆటో" అంటూ వీధిలోకి పరిగెత్తాడు. మాతోనే వచ్చిన ఆమె అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తడి చేతులతో వచ్చి, సెలైన్ చుక్కలు వేసి, ఆస్పత్రిలో ఇచ్చిన సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చి ఆ ముక్కను బయటికి లాగింది. గాలి లోపలికి వచ్చింది. ఆమె పట్టకారు కడిగి పెట్టి, పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ఆ శబ్దం నాకు వినిపించింది. తిరిగి వచ్చాక ముఖం తుడుచుకుంటూ, "పొద్దున్న తిన్న ఉప్మా పడలేదే," అంది.

రేడియేషనంతా అయ్యాక ఆమె ఊరికి వెళ్ళింది. ఆ తర్వాతే నాకు అసలు కష్టం మొదలైంది. మనుషులు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు నాకు చెవులు కూడా లేవన్నట్టు మా ఆయనతోనే మాట్లాడేవాళ్ళు. మాట్లాడలేనిదానికి ఫోనెందుకని ఎవరూ ఫోను చెయ్యలేదు. ఆమె చేసింది. ప్రతి సాయంత్రం ఎండిన చేపలు లోపల పెట్టేశాక చేసేది. "నువ్వు ఫోను మీద గోటితో తట్టు. ఒకసారి తడితే ఔను, రెండుసార్లయితే కాదు," అని నేర్పింది. ఇక మొదలెట్టేది. ఎవరి వలలో ఏం పడింది, తన ఆయన ఎందుకు అలిగాడు, వర్షానికి ఎంత సరుకుకు పురుగు పట్టింది. "వింటన్నావా?" అంటే తట్టేదాన్ని. కొన్ని రోజులు ఎవరి గొంతూ వినాలనిపించక ఫోను మంచం మీద పడేసేదాన్ని. అటువైపు ఆమె మాట్లాడుతూనే ఉండేది. నేను మళ్ళీ తీసుకుని తట్టేదాకా పెట్టేసేది కాదు. నేను నూతి దాకా వెళ్ళి తిరిగి వచ్చిన సాయంత్రాలు ఉన్నాయి. ఆ ఫోను మోగుతుందనే తిరిగి వచ్చాను. ఈ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

కిందటేడు కార్తీకం వెళ్ళాక ఒక సాయంత్రం ఫోను వచ్చింది. ఎత్తాను. ఆమె మాట్లాడలేదు. తట్టాను. మాట్లాడలేదు. గట్టిగా, వరసగా తట్టాను. వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి. ఏమైందే అని అడగాలి, ఎలా అడగను? నా మెడలోంచి గాలి బుసలు కొడుతోంది. అటువైపు ఆమె ఊపిరి. అంతే. చాలాసేపటికి ఎవరో ముసలావిడ ఫోను అందుకుని, "ఎవరమ్మా? మా పిల్ల పెనిమిటి పోయాడమ్మా. మొగ దగ్గర పడవ తిరగబడిపోయింది," అంది.

వేట నుంచి తిరిగి వస్తూ గోదావరి సముద్రంలో కలిసే చోట పడవ కెరటానికి బోల్తా కొట్టింది. మిగతావాళ్ళు ఈదుకుని ఒడ్డుకు చేరారు. అతనికి ఈత రాక కాదు, వల కాళ్ళకు చుట్టుకుంది.

మా ఆయన కారు మాట్లాడాడు. మేం వెళ్ళేసరికి శవాన్ని ఇసుక మీద పడుకోబెట్టి ఉంచారు. ఆమె పక్కన కూర్చుని ఉంది. ఊరి ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. ఆమె మాత్రం నోరు తెరవలేదు. నన్ను చూసింది, చూపు తిప్పేసుకుంది. నేను వెళ్ళి భుజం ఆనించి కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నా మెడకు కట్టుకున్న గుడ్డ వైపు చూస్తున్నారు.

నేను అక్కడే ఉండిపోయాను. దినాలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆమె తినేది కాదు, మాట్లాడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టర్లు నాకొక యంత్రం ఇచ్చారు, దవడ కింద పెట్టుకుని పెదాలు కదిపితే రేకుడబ్బా లోపలి నుంచి వచ్చినట్టు మాట వస్తుంది. సిగ్గుతో దాన్ని ఎవరి ముందూ వాడేదాన్ని కాదు, ఆ సాయంత్రం ఫోనులో అడగడానికి కూడా అది గుర్తుకు రాలేదు. ఆ ఇంట్లో తీశాను. కంచంలో అన్నం కలిపి పట్టుకుని, "తిను," అన్నాను. బయట ఆడుకుంటున్న వీధి పిల్లలు భయపడి పారిపోయారు. "తినవే," అన్నాను మళ్ళీ. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఒక ముద్ద తీసుకుంది. ముద్ద నోట్లో ఉండగానే ఏడుపు వచ్చింది. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. తర్వాత మాటలు వచ్చాయి, మునుపటిలా కాదు. మధ్యలో ఆగిపోతుంది. ఏం చెప్తోందో మరిచిపోతుంది. నేను ఆ యంత్రంతో గుర్తు చేస్తాను.

నేను ఆమెకు చేసింది ఆమె నాకు చేసినదానికి సరిపోదు. సరిపోవాలని ఆమె అనుకోదు. ఒకసారి, నీ వల్లే బతికానని యంత్రంతో చెప్పాను. "అలాంటి మాటలు దాంతో చెప్పకే బాబూ, బస్టాండులో మైకులో చెప్పినట్టుంది," అని విసుక్కుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈమధ్య పరీక్షలో నా ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. అదేమిటో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. వచ్చే సోమవారం విశాఖ వెళ్ళాలి. ఆమె నిన్ననే వచ్చింది, సరుకును తోడికోడలికి అప్పజెప్పి. ఇప్పుడు అరుగు మీద కూర్చుని పచ్చిరొయ్యలు వలుస్తోంది. కూరలో చింతచిగురు వెయ్యనా, గోంగూర వెయ్యనా అని అడిగింది. చింతచిగురు అన్నాను.