కుడి చేతి నెమలి

అక్క పోయిందని ఫోను వచ్చేసరికి నేను ఒక జాకెట్టు మీద పువ్వు గీస్తున్నాను. జరీ దారం కోసం చిలకలూరిపేట వెళ్లి వస్తుంటే ఆటో తిరగబడిందట.

అక్క అంటే మా తోడికోడలు. నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలో మగ్గం వర్క్ చేస్తాం. పెళ్లి జాకెట్టుకు ముందు గుడ్డ మీద బొమ్మ పడాలి, ఆ గీత మీదే పూసలు కుడతారు. అందరూ ట్రేసింగ్ కాగితం పెట్టుకుంటారు. అక్క నేరుగా తెల్ల పెన్సిల్‌తో గీసేది. నేను ఒక పువ్వు చేసేలోగా తను వీపంతా నింపేసేది.

నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పటికీ ఉంది. శవం దగ్గర మా అత్త "ఇంక ఆ చెయ్యి ఎవరికొస్తదమ్మా" అని ఏడుస్తుంటే, నా ఏడుపు మధ్యలోనే ఆ మాట నన్ను గిల్లింది.

గీత నేర్చుకునేవాళ్లు మీలో ఉంటే, తను ఏం చేసేదో చెబుతాను. నేను దొంగచూపులు చూసి పట్టుకున్నవే ఇవన్నీ. లేవగానే చెంబుడు నీళ్లు తాగేది. పెరట్లో కాసేపు నడిచేది. పాత పేపరు మీద చెయ్యి వదులయ్యేదాకా సున్నాలు చుట్టి, అప్పుడు గుడ్డ ముట్టేది. ఒక జాకెట్టు అయిపోగానే లేచి వాకిట్లో నిలబడి దూరంగా చూసేది. రాత్రి పెందలాడే పడుకునేది. నేనేమో ఫోనులో డిజైన్లు చూస్తూ మేలుకుని, పొద్దున నడుం వంచి కూర్చునేదాన్ని.

"ఏందే, గుడ్డని వాసన చూత్తన్నావా? నడుం ఎత్తు."

"నీ అంత బిరాన రావట్లేదక్కా."

"నా చెయ్యి చూత్తా కూచుంటే నీకేం వత్తది? చేతిని తరమమాకు. చూపుని ముందు పంపు, చెయ్యి దాని ఎనకే వత్తది."

తుడవనిచ్చేది కాదు. "తప్పిందా? దాన్నే ఆకు చెయ్యి, ముందుకు పో" అనేది.

దినాలయ్యాక పెళ్లివారు వచ్చారు. వాళ్ల ఎర్ర పట్టు జాకెట్టుకు ఎడమ చేతి మీద నెమలిని అక్క గీసిపోయింది. కుడి చెయ్యి ఖాళీ.

"ఆమె గీత పక్కన ఇంకెవరు గీత్తారు? తిరిగిచ్చేద్దాం" అన్నాడు అక్క మొగుడు, మా బావ.

బావ ఎదుట నేనెప్పుడూ నోరెత్తను. ఆ మాట మాత్రం పడలేకపోయాను. "నేను గీత్తా బావా" అన్నాను.

నీళ్లు తాగాను. సున్నాలు చుట్టాను. అక్క నెమలి కనబడకుండా మడిచి పక్కన పెట్టాను. అది నాకు కంఠతా వచ్చు. మెడ దగ్గర గీత జారింది. తుడవలేదు, ఆకు చేశాను. స్టవ్ మీద టీ కాగేలోపు తోక దాకా వచ్చేశాను.

కుట్టడం పూర్తయ్యాక పెళ్లికూతురు జాకెట్టు తొడుక్కుని, గోడ మీద అక్క ఫోటోకు దండం పెట్టింది.

"పోయేముందు ఎంత చక్కగా గీసిందో సూడు, మహాతల్లి! రెండూ చానా బాగున్నయ్" అని వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

బావ నా వైపు చూశాడు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను.

ఆ పిల్ల చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. రెండు నెమళ్లూ ఎదురెదురుగా నిలిచాయి. అక్కది తల ఎత్తుకుని ఉంది. నాది మెడ దగ్గర ఆకుతో, రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది.