లైను కనబడితే చాలు

ధవళేశ్వరం దగ్గర బస్సు ఆగిపోయింది. దిగినవాళ్లంతా వెనకొచ్చే బస్సు కోసం వరసగా నిలబడ్డారు. చివర పూజిత. ఆమె వెనక, అసలు ఏ బస్సూ దిగని ఒక పెద్దాయన.

"ఈ లైను దేనికమ్మా?"

"రాజమండ్రి బస్సుకండి. మీరెక్కడికి?"

"లైను ఎక్కడికైతే అక్కడికి."

లైను కనబడితే నిలబడకుండా పోవడం ఆ పెద్దాయన, నాగేశ్వరప్రసాద్ గారి వల్ల కాదు. ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు ఏ కాలవకు ఎప్పుడు నీళ్లో వంతులు రాసి రిటైరైన మనిషి. ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని బయటికొచ్చి, లైను ఇంకా ఉంది కదా అని మళ్లీ చేరారట. పెనుగొండలో అక్షింతల లైనులో నిలబడి, ముక్కూమొహం తెలియని దంపతులను దీవించి వచ్చారట. ఇవన్నీ బస్సులో ఆయనే చెప్పారు.

పూజితకు నవ్వే ఓపిక లేదు. పాత కాలేజీలో చేరేటప్పుడే లెక్కల్లో ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టారు. పాసైంది కాబట్టి మొదటి సెమిస్టరు లెక్కలు చదవక్కర్లేదని నాలుగు క్రెడిట్లు ఇచ్చారు. రెండో ఏడు కాలేజీ మారింది. కొత్త కాలేజీలో ఇవాళ ఒంటిగంటలోపు ఆ నాలుగూ రికార్డులో ఎక్కకపోతే, జూనియర్ల పక్కన కూర్చుని ఆ లెక్కలే మళ్లీ చదవాలి. మూడు రోజులుగా తిరుగుతోంది. ఆయన అడిగితే కాగితం చూపించి ఇదంతా చెప్పింది.

కాలేజీ ఆఫీసు ముందు పాతికమంది లైను. వెంటే వచ్చిన పెద్దాయన మొహం విప్పారింది.

గంటన్నరకు కిటికీ అందింది. గుమస్తా హరిబాబు కాగితంలో పైవరస మాత్రం చదివాడు. "ప్లేస్‌మెంటా? అది మా సెక్షన్ కాదమ్మా. పై అంతస్తు."

"నిన్న కూడా అక్కడికే పంపారండి."

"ఇవాళ కూడా అక్కడే ఉంది."

పై అంతస్తులో ఉద్యోగాలు చూసే మేడం నిన్నటిలాగే లేచి మరీ చెయ్యి కలిపింది. "కంగ్రాట్స్ అమ్మా. ఏ కంపెనీ?"

అక్కడ గంట పోయింది. కాళ్లీడ్చుకుంటూ దిగేసరికి పన్నెండున్నర. మళ్లీ చివర నిలబడబోయింది.

"ఇటు రామ్మా." పెద్దాయన ముందునుంచి మూడోవారు. "నువ్వు మెట్లెక్కగానే మళ్లీ చివరినుంచి మొదలుపెట్టాను. నీ చోటే ఇది."

"మీకు ఇక్కడ పనేం లేదు కదండి."

"లేదు. ఏ లైన్లోనైనా ఎవరో ఒకరు కాగితం మర్చిపోయి ఇంటికి పరిగెడతారమ్మా. వచ్చేసరికి చోటుండాలా వద్దా?"

కిటికీ దగ్గర హరిబాబు నిట్టూర్చాడు. "మళ్లీ మీరేనా? పై అంతస్తన్నాను కదా."

"పాప రెండో ఏడండి. ఇప్పుడే ఉద్యోగం వచ్చేసిందంటే మీకు అనుమానం రాలేదా?" అన్నారు పెద్దాయన.

"ప్లేస్‌మెంట్ అనుంది కదండి."

"ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష అది. వెనక్కి తిప్పండి, సిలబస్ ఉంది."

వెనకనుంచి ఎవరూ తోయలేదు, గొణగలేదు. ఆ గంటలో ఆయన అందరి ఊళ్లూ, ఇంటిపేర్లూ కనుక్కున్నారు. హరిబాబు కాగితం తిప్పాడు. తమ సిలబస్ పక్కన పెట్టి వేలితో వరస వరసా చూశాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా ముద్ర పడింది.

"చాలా థ్యాంక్సండి," అంటూ పూజిత తిరిగింది. పక్కన ఎవరూ లేరు.

గేటు అవతల, మూసి ఉన్న షట్టరు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. పెద్దాయన రోడ్డు దాటి, ఏడోవారిగా చేరి, ముందున్నావిడను ఏదో అడుగుతున్నారు. ఆవిడ చేతిలోని సంచీ ఆయనకిచ్చి గబగబా ఎటో వెళ్లిపోయింది.