ఎనభయ్యో ఏటి మొహాలు

మా మేనత్త బొమ్మ వేసిందంటే ఎంతటి పడుచువాడికైనా ఎనభయ్యో ఏడు వచ్చి పడాల్సిందే. ఎదురుగా కూర్చున్నది కాలేజీ కుర్రాడు కావచ్చు, కొత్త కోడలు కావచ్చు, ఆవిడకు అనవసరం. కాన్వాసు మీద దిగేది మాత్రం చెవుల్లో వెంట్రుకలు మొలిచిన తాతలూ, దవడలు జారిన ముసలమ్మలే. పోనీ బొమ్మలు సరిగ్గా వచ్చేవి కావా అంటే, చిక్కంతా అక్కడే. అచ్చు గుద్దినట్టు వచ్చేవి. పోలిక కుదరకపోతే నవ్వి ఊరుకోవచ్చు. చూడగానే "అయ్యో, ఇది నేనే" అనిపిస్తే ఎవడు నవ్వుతాడు? అందుకే వీధిలో సగం మంది ఆవిడతో మాట్లాడేవారు కాదు. మిగతా సగం మంది ఆవిడ ఎదురైతే మొహం అడ్డంగా తిప్పుకునేవారు, ఎక్కడ గుర్తు పెట్టుకుంటుందోనని.

ఆ విద్య ఆవిడకు ఉద్యోగం పెట్టిన భిక్ష. పింఛను ఆఫీసులో ఒకే కిటికీ వెనకాల కూర్చుని తల నెరిసింది అత్తయ్య. పింఛను పుచ్చుకునేవాళ్లు ఏడాదికోసారి వచ్చి, తాము ఇంకా బతికే ఉన్నామని ఆ కిటికీలో మొహం చూపించి పోవాలి. అవే మొహాలను ఏటేటా చూసీ చూసీ, మనిషి మొహం ఏ దారిన పాడవుతుందో ఆవిడకు కంఠతా వచ్చేసింది. ముక్కు కిందికి దిగుతుంది, చెవులు సాగుతాయి, పెదవులు లోపలికి పోతాయి. ఇంట్లోనూ అదే ధోరణి. మామయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దగ్గరికెళ్లి, "ఏమండీ, ఉన్నారా?" అని తట్టి లేపేది. ఆయన కంగారుగా కళ్లు తెరిస్తే, "సరే, పడుకోండి" అని వెళ్లిపోయేది.

రిటైరయ్యాక టీవీ ముందు కూర్చుంటుందని అందరం అనుకున్నాం. ఆవిడ ఒకరోజు సంచీడు రంగుల ట్యూబులూ కుంచెలూ, అవిసె నూనె సీసా, టర్పెంటైను డబ్బా తెచ్చి భోజనాల బల్ల మీద దిమ్మరించింది.

"ఏంటిదంతా?" అన్నాడు మామయ్య.

"ఆయిల్ పెయింటింగ్ వేస్తాను."

"ఎవరు నేర్పుతారు?"

"వంట ఎవరు నేర్పారు నాకు? తింటూ బతికే ఉన్నారుగా."

మొదటి ఏడాదంతా కూజాలూ, కిటికీలూ, పళ్లూ. ఒకసారి చూసి, "వంకాయలు బ్రహ్మాండంగా వచ్చాయత్తయ్యా" అన్నాను. "అవి యాపిల్ పళ్లురా, కళ్లజోడు మార్పించు" అంది. తరవాత ఏమైందో ఏమో, ఒక్కసారిగా కూజాలూ పళ్లూ వదిలేసి మనుషుల మీద పడింది.

ఆయిల్ రంగులకు ఒక దుర్గుణం ఉంది. అంత తొందరగా ఆరవు. అందులో అత్తయ్యది ధారాళమైన చెయ్యి. కుంచె చాలదని, చిన్న కత్తితో, మేస్త్రీ గోడకు సిమెంటు పూసినట్టు పూసేది. నెలలు గడిచినా బొమ్మలు పచ్చిగానే ఉండేవి. గుమ్మంలో అడుగు పెట్టగానే "రండి, కూర్చోండి" అనడం మానేసి, "ఏదీ ముట్టుకోకండి, ఆరలేదు" అనేది. అయినా ఆ ఇంటికి వెళ్లి మచ్చ పడకుండా బయటపడిన చొక్కా లేదు. మామయ్య కాఫీకి కూడా టర్పెంటైను వాసన పట్టింది. ఆయన ఫిర్యాదు చేస్తే, "ఇన్నాళ్లకు మీ కాఫీకి ఒక వాసనంటూ వచ్చింది" అంది. కాఫీ పెట్టేది ఆయనే మరి.

పక్కింటి బ్యాంకు మేనేజరు పాపం మర్యాదస్తుడు. కొడుకునీ కొత్త కోడలినీ వెంటబెట్టుకుని వచ్చి జంటగా బొమ్మ వెయ్యమన్నాడు. "కాస్త నవ్వుతూ ఉండాలండీ" అని కూడా చెప్పాడు. బొమ్మ మీద గుడ్డ తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. ఒక ముసలాయన చెవిలో మిషను పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ముసలావిడ, చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలన్నట్టు ఆయన వైపు చూస్తోంది.

"మేడం, మావాడికి ఇంకా ముప్పై నిండలేదు" అన్నాడు మేనేజరు.

"తెలుసండీ."

"మరి ఈ పెద్దాయనెవరు?"

"మీవాడే. చెవులు మాత్రం మిమ్మల్ని చూసి వేశాను."

కోడలు బావురుమంది. తన మొహం చూసుకుని కాదు, భర్తది చూసి. "ఈయన ఇలా అయిపోతారని పెళ్లిచూపుల్లో ఒక్కరూ చెప్పలేదు!" అని ఒకటే ఏడుపు.

సందు చివర బ్యూటీ పార్లరావిడ ఇంకా అమాయకురాలు. షాపులో తగిలించుకోవడానికని తన బొమ్మ వేయించుకుంది. "దీన్ని పార్లర్లో పెడితే ఎవరైనా లోపలికొస్తారా అండీ?" అంది బొమ్మ చూశాక.

"ఎందుకు రారు? భయపడి పరిగెత్తుకుంటూ వస్తారు" అంది అత్తయ్య.

నన్నూ వదల్లేదు. నున్నటి బట్టతల పెట్టింది. అప్పట్లో నా జుట్టంటే నాకు కొంచెం పొగరు.

"నాకు ఇంత ఒత్తుగా ఉంటే ఇదేంటత్తయ్యా?"

"మీ నాన్న తల చూశావా?"

"నాది అమ్మ పోలిక."

"మీ మేనమామ తల చూశావా?"

జుట్టు సంగతి ఇప్పుడు చర్చించదలచుకోలేదు.

ఎవరి బొమ్మను వాళ్లు తెచ్చి తిరిగి ఆవిడకే ఇచ్చిపోయారు. అవన్నీ హాల్లో గోడల వెంబడి నిలబడి, ఆ ఇల్లు మళ్లీ పింఛను ఆఫీసులా తయారైంది.

ఈ సంబరమంతా మా ఇంట్లో ఎవరికీ గిట్టని రోజులవి. మా చెల్లెలికి గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని తేలింది. ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేస్తే మనిషి నిక్షేపంగా ఉంటుందని, సాగదీస్తే మాత్రం తాను చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు. పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు దానికి. "చూద్దాంలే" అంది. నెల గడిచాక అడిగినా "చూద్దాంలే." బల్ల మీద పడుకోబెడితే ఇక లేవనని దాని నమ్మకం. ఏడవదు, అరవదు. ఊరికే తన సామానంతా తగ్గించుకుంటూ పోయింది. కొత్త చెప్పులు కొనుక్కోమంటే ఈ జత చాలంది. పళ్ల పేస్టు కూడా చిన్న ట్యూబే తెచ్చుకునేది. ఇంట్లో అందరం దాని దగ్గర గొంతు తగ్గించి, బోలెడు తియ్యగా మాట్లాడేవాళ్లం. మేం తియ్యగా మాట్లాడినకొద్దీ దాని అనుమానం బలపడేది.

ఇలాంటి పిల్ల అత్తయ్య కత్తికి చిక్కితే ఏమవుతుందోనని నేను ముందే వెళ్లాను.

"అత్తయ్యా, దాని బొమ్మ మాత్రం వెయ్యొద్దు."

"ఏం? దానికేమైనా కొమ్ములున్నాయా?"

"ఆపరేషన్ కావాల్సిన పిల్లని ముసలిదాన్ని చేసి చూపిస్తావా? నీకసలు మనసుందా?"

"కవాటాలతో సహా ఉంది. కాలు అటు పెట్టు, మేనేజరుగారి దవడ తొక్కుతున్నావు" అంది.

నేను భయపడినంతా అయింది. మేనేజరు కోడలి ఏడుపు కథ విని, చెల్లెలు ఒకరోజు తనంతట తనే బొమ్మలు చూడ్డానికి వచ్చింది. గోడల వెంబడి ఒక్కొక్కరినీ చూస్తూ నడిచింది. పార్లరావిడ దగ్గర పెదవి బిగబట్టుకుంది. నా బట్టతల దగ్గర మాత్రం ఆగలేక పకపకా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. నవ్వుతూ నవ్వుతూ నా నెత్తిన చెయ్యి వేసింది, బొమ్మలో నెత్తిన. వేళ్లకు రంగు అంటుకుంది. గుడ్డతో తుడుచుకుంటూ చుట్టూ ఇంకోసారి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అందరివీ వేశావు. నాది వెయ్యలేదేంటత్తయ్యా? నేను అందాకా రాననా?"

అత్తయ్య కుంచె కడుక్కుంటూ తల కూడా ఎత్తలేదు.

"అడిగినవాళ్లవే వేస్తాను. నువ్వు అడిగావా? ఆదివారం రా. ఆలస్యంగా వస్తే ఇంకో పదేళ్లు కలుపుతాను."

ఆదివారం చెల్లెలు పొద్దుటి నుంచి కుర్చీలో కదలకుండా కూర్చుంది. స్టాండు వెనక నుంచి కత్తి గీకుడు, అత్తయ్య గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు. "ఈ ముక్కేంటే, మా నాన్నది పట్టుకొచ్చావు!" అని మధ్యమధ్య తిట్టేది. వారం తరవాత మళ్లీ పిలిచి, బొమ్మ మీద గుడ్డ లాగేసింది.

కుర్చీ నిండా ఒక ముసలావిడ. గడ్డాలు మూడు. తెల్లటి జుట్టు, నెత్తి మీదికి తోసుకున్న కళ్లజోడు. ఎత్తిన చూపుడు వేలు. బొమ్మలో కనపడని ఎవరినో తెగ చీవాట్లు పెడుతోంది.

చెల్లెలు తన గడ్డం ఒకసారి తడుముకుంది. తరవాత, "ఇంత లావెక్కుతానా?" అంది.

"మరి? తిని కూర్చుంటే ఎక్కవూ?"

"ఎవరిని తిడుతున్నాను?"

"నాకేం తెలుసు? వెళ్లి చూసుకో."

చెల్లెలు దగ్గరికి జరిగింది. ముసలావిడ మెడ కింద, బట్ట అంచు దగ్గర, సన్నటి తెల్ల గీత ఒకటి ఉంది.

"ఇదేంటి?"

"అదా, ఆపరేషన్ మచ్చ. ఎప్పటిదో, మానిపోయి కలిసిపోయింది. కనపడీ కనపడనట్టు వెయ్యడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బాగా రాలేదంటే ఊరుకోను."

చెల్లెలు ఆ గీత మీద వేలు పెట్టింది. అలాగే ఉంచింది. తరవాత నా వైపు తిరిగి, "ఆ డాక్టరు ఏ రోజు ఖాళీ అన్నాడన్నయ్యా?" అని, బజారుకెళ్దామా అన్నంత మామూలుగా అడిగింది.

నా చూపు మాత్రం దాని వేలి మీదే ఉంది. వేలికి రంగు అంటలేదు. బొమ్మ ఎండి గట్టిపడి ఉంది. నెలల కిందట వేసిన నా బట్టతల ఇంకా పచ్చిగా ఉంటే, పోయిన ఆదివారం వేసింది ఎలా ఆరిందని అడిగాను.

"ఫ్యాను కింద పెట్టాను."

"మిగతావి పెట్టలేదేం?"

"నీకేం పని లేదా?" అని లోపలికి వెళ్లిపోయింది.

పేపరు వెనక నుంచి మామయ్య దగ్గాడు. "ఫ్యానూ లేదు, ఏమీ లేదు. మీ చెల్లెలి రిపోర్టులు వచ్చిన వారమే వేసేసింది, ఇన్నాళ్లూ మంచం కింద దాచింది. మనిషనేవాళ్లని వెయ్యడం దానితోనే మొదలు."

"మరి అప్పుడే చూపించకపోయారా?"

"నేనూ అదే అన్నాను. దీన్నొక్కదాన్నీ ముసలిదాన్ని చేసి చూపిస్తే వట్టి ఓదార్పనుకుంటుందిట. అందుకని ముందు ఊరందర్నీ చేసింది. అందరూ తిట్టాలి, అందరికీ నొప్పి పుట్టాలి, అప్పుడు గానీ దాని బొమ్మను నిజమని నమ్మదంది. పొగిడేవాళ్ల మాట ఎవరు నమ్ముతార్రా? నువ్వు నమ్ముతావా?"

"మరి ఆదివారం అంతసేపు ఏం వేసింది?"

"యాపిల్ పండు."

"వచ్చిందా?"

"వంకాయే."

ఆపరేషన్ అయింది. బల్ల మీద నుంచి లేచిన మా చెల్లెలు ఆ లేవడం లేవడం ఇప్పటికీ కూర్చోలేదు. దాని హాల్లో ఆ బొమ్మ చూసి, "మీ నానమ్మగారా?" అని అడిగినవాళ్లకు "కాదండీ, నేనే" అని జవాబిచ్చి, వాళ్ల అవస్థ చూసి ఆనందిస్తుంది. అత్తయ్య కిందటి చలికాలంలో పోయింది. ఆవిడతో మాట్లాడని సగం వీధీ ఆ రోజు వచ్చింది. వచ్చి, ఎవరి బొమ్మను వాళ్లు వెతుక్కుని చూసుకున్నారు. అప్పటికి చాలామందికి పోలికలు కుదరడం మొదలైంది.

మొన్న మా చెల్లెలు పెద్ద పనున్నట్టు మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే తల వంచి, పాపిడి పక్కన వెతికి, వెంట్రుక ఒకటి పట్టుకుని పైకి లాగి చూపించింది. తెల్లగా మెరుస్తోంది. పరీక్ష ప్యాసైన పిల్ల మొహం పెట్టింది.

"దానికింత హడావిడా? ఒక ప్యాకెట్ రంగు తెచ్చుకుంటే సరి" అంది మా ఆవిడ.

చెల్లెలు ఆ వెంట్రుకను జాగ్రత్తగా వెనక్కి దువ్వుకుంది.

"బాగుంది వదినా! అత్తయ్య అంత కష్టపడి తెలుపు వేస్తే, దాని మీద ఇంకో రంగు పూస్తానా?"