ఇంకో యాభై అడుగులు

పని మీద ప్రేమ పెంచుకుని నేను ఒక కుటుంబం నోట్లో మట్టి కొట్టిన వైనం చెబుతాను. నవ్వండి, పరవాలేదు. కదిరి పక్క ఆ ఊళ్లో ఈ సంగతికి నవ్వనివాళ్లు ఇద్దరే. వాళ్లిప్పుడు ఊళ్లో లేరు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బోరుబండి మీద డ్రిల్లర్ని. ఆ ఉదయం టీ అంగడి దగ్గర మా ఓనరు పదిమందిలో అన్నాడు: "ఈ మస్తానుకి పనంటే ప్రేమ లేదప్పా. టయానికొస్తాడు, టయానికి పోతాడు. వీనికంటే గోడ గడియారం మేలు, అదన్నా గంట కొడుతుంది."

ఆ పదిమందిలో ఎవరు ఎంత గట్టిగా నవ్వారో నాకు ఈరోజుకీ గుర్తే.

ప్రేమంటే ఏమిటో చూపిద్దామని, రోషంతో ఓబులేసన్న చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, బండి తోలాను. పాత బోరు ఎండిపోయి, చెట్లు కట్టెపుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆయన వేయించగల చివరి బోరు ఇదే. నీళ్లు పడకపోతే మొగుడూ పెళ్లాం బెంగళూరుకు కూలికి పోవాల్సిందే.

మూడు వందల అరవై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. ఇంచిన్నర ధార, ఆ తోటకు చాలినంత! ఓబులేసన్న తడిసి ముద్దయి, పెళ్లి ఊరేగింపులో తాగినవాడిలా ఎగిరాడు.

"చాలు మస్తానూ, నిలుపప్పా!"

"ఏం చాలన్నా? ఇంకో యాభై అడుగులు పోతే మూడించులొస్తాయి."

"నాకు మూడొద్దు. ఈ పడిండేది చాలు!"

"గమ్మునుండన్నా. పనంటే ప్రేమ ఉండేవాని చేతిలో పడినావు నువ్వు."

ఆయన భార్య ఈశ్వరమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఏమప్పా, బోరు మాదా, నీదా?"

ప్రేమలో ఉన్నవాడికి చెవులు పనిచేయవు, మీకు తెలియంది కాదు. లివరు కిందికి లాగాను.

నలభై అడుగులు దిగాక ఏదో బండసందు తగిలింది. పైకి ఎగిరే నీళ్లు, ఎవరో కిందినుంచి పిలిచినట్టు, లోపలికి దిగిపోయాయి. ఇంజను ఆపాను.

ఓబులేసన్న గొట్టం పక్కన కూలబడి లోపలికి చూశాడు. "యాడికి పోయినాయప్పా?"

"సందులోకన్నా."

"మళ్లా రావా?"

ఈశ్వరమ్మ ముఖం మీది బురద తుడుచుకుంది. "ప్రేమ ఉండేవాన్ని ఎవరు పిలిచినారు నాయనా? నిలుపు అంటే నిలిపేవాడు చాలు కదా మాకు."

సాయంత్రం, అడుగుకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకునే మా ఓనరు నా వీపు తట్టాడు. "నలభై అడుగులు ఎక్కువ దించినావంట! ఇప్పుడు పనోడివైనావు రా." నా జన్మలో దొరికిన మెప్పు అదొక్కటే.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇక బతికున్నంతకాలం ఏ పనినీ ప్రేమించను. ఎవరైనా "చాలు" అంటే, నోట్లో ముద్ద ఉన్నా సరే, మింగకుండా ఆపేస్తాను.